పుంజుల ఏరివేత దగ్గర పాఠం నేర్చుకున్న డార్విన్

హైదరాబాదులో నానక్‌రామ్‌గూడ వైపు అద్దాల మేడలు లేస్తున్నచోట, ఆ మేడలు కట్టే కూలీల రేకుల షెడ్లు వున్నాయి. పాలమూరు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలు వాటిలో వుంటాయి. మా వూళ్ళ వ్యవసాయ కూలీలు పనుల్లేని నెలల్లో అక్కడికే పోతారు గనుక, కూలిరేట్ల గురించి, గుర్తింపు కార్డుల గురించి మాట్లాడడానికి మేమూ అక్కడికి పోతుంటాం. సంక్రాంతి ముందర అట్లా పోయినప్పుడు ఒక షెడ్డు ముందు తగువు నడుస్తున్నది. పాలమూరు నుంచి వచ్చిన ఒక అవ్వ దగ్గర ఒకే పొదుగులో పుట్టిన పుంజులు మూడు వున్నాయి. రెండు అమ్మాలి, ఒకటి వుంచాలి. ఎత్తూ రంగూ వున్న పెద్దదాన్ని వుంచుదామని కొడుకు పట్టుబట్టాడు. అవ్వ వినలేదు. దాని కాలివేళ్ళు వంకర. పిల్లప్పుడు జబ్బుచేస్తే వారం లేవలేదు. గింజ దొరికితే పెట్టలను పిలవదు, పొడిచి తరుముతుంది. నడిమిది పొట్టిదే గానీ కాళ్ళు చక్కన, కళ్ళు చురుకు, దాని తల్లి బాగా గుడ్లు పెట్టే పెట్ట. ఆమె దాన్నే వుంచింది. అయితే తన పెట్టల్లోకి వదలదట. అవి దాని అక్కచెల్లెళ్ళు గనుక, నాలుగు షెడ్ల అవతల వున్నామె పుంజుతో మార్పిడి చేసుకుంటుందట.

ఆ అవ్వకు అక్షరం రాదు. కానీ ఆమె చేసిన పనినే ఒక పెద్దమనిషి ఇరవై యేళ్ళపాటు పట్టి పట్టి చూసి, దాని మీద ఒక మహా సిద్ధాంతం కట్టాడు. ఆయన చార్లెస్ డార్విన్. మన దేశంలో 2023లో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామ పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ సంతకాలు చేసి నిరసన తెలిపారు. పదో తరగతితో చదువు ఆగిపోయే పిల్లలు మన పిల్లలే. ఆ తర్వాత జీవశాస్త్రం చదివే వాళ్ళకు మాత్రమే ఆ పాఠం మిగిలింది. అందుకని ఆ పెద్దమనిషి కథ ఇక్కడ చెప్పుకుందాం.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి పేరున్న డాక్టరు. తల్లి వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ కర్మాగారాల యజమాని కూతురు. అంటే కలిగిన కుటుంబం. జీవితంలో ఒక్కరోజు కూడా కూటికోసం పని చేయవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఈ సంగతి దాచనక్కరలేదు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి పోయింది. 1825లో తండ్రి వైద్యం చదవమని ఎడింబరో పంపించాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్ చూసి తట్టుకోలేక కుర్రవాడు పారిపోయాడు. అయితే అక్కడ ఒక మనిషి దగ్గర మాత్రం శ్రద్ధగా పని నేర్చుకున్నాడు. ఆయన జాన్ ఎడ్మన్‌స్టన్. దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా వుండి విడుదలైన నల్లజాతి మనిషి. పక్షి తోలు వొలిచి, చెడకుండా నింపి నిలబెట్టే విద్య ఆయనది. తర్వాత డార్విన్ చేసిన పక్షుల సేకరణకు ఆ విద్యే పునాది. అట్లాంటి గురువు పేరును డార్విన్ తన ఆత్మకథలో రాయలేదు. ఎవరో ఒక నల్లమనిషి అని మాత్రం రాశాడు. పేరు తర్వాతి చరిత్రకారులు వెతికి పట్టుకున్నదే.

వైద్యం కుదరకపోతే మతగురువును చేద్దామని తండ్రి కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ పురుగులు పోగేశాడు, మొక్కలు నేర్చుకున్నాడు. 1831 డిసెంబర్ 27న బీగిల్ అనే సర్వే ఓడ ఎక్కాడు. ఐదేళ్ళు భూగోళం చుట్టి 1836 అక్టోబర్ 2న తిరిగొచ్చాడు. బ్రెజిల్‌లో బానిసల మీద జరిగే హింసను కళ్ళారా చూశాడు. బానిసత్వం గురించి ఓడ కెప్టెన్‌తో తగువుపడ్డాడు. చచ్చేదాకా బానిసత్వాన్ని ద్వేషించాడు. ఒక్కో దీవిలో ఒక్కో తీరు పిట్టలు, తాబేళ్ళు చూసి, జీవులు సృష్టించినప్పటి నుంచి మారకుండా వున్నాయన్న మాట నిజమేనా అని తిరిగొచ్చాక అనుమానపడ్డాడు.

1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్ళాడాడు. మన భాషలో మేనరికం. 1842లో లండను వదిలి కెంట్ జిల్లా డౌన్ అనే పల్లెకు కాపురం మార్చాడు. జీవులు మారతాయన్న సంగతి అప్పటికే ఆయనకు నమ్మకమయింది. ఎట్లా మారతాయన్నది రుజువు చెయ్యాలి. అడవిలో జరిగేది మనిషి జీవితకాలంలో కంటికి కనపడదు. కనపడేచోటు ఎక్కడుంది? రైతు దొడ్డిలో, కోళ్ళ గూట్లో, పావురాల పెట్టెలో వుంది.

1855 నుంచి డార్విన్ డౌన్‌లో పావురాలు పెంచాడు. లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు. పెద్దమనుషుల క్లబ్బులకే పోలేదు. బరో ప్రాంతంలో సారాయి దుకాణంలో కూర్చుని, కష్టజీవులైన పెంపకందార్ల మాటలు విన్నాడు. ఆ రోజుల్లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు పావురాల పెంపకంలో చెయ్యి తిరిగినవాళ్ళు. పండితులు ఈ జనాన్ని లెక్కచేయలేదు. డార్విన్ లెక్కచేశాడు. ఏ పక్షిని వుంచుతారు, ఏది తీసేస్తారు, ఎందుకు తీసేస్తారు అని వందల వుత్తరాలు రాసి అడిగాడు. కోళ్ళ విషయంలో టెగెట్‌మైయర్ అనే పెంపకం నిపుణుడు ఆయనకు కుడిభుజమయ్యాడు.

ఇంగ్లండు కోళ్ళు మాత్రమే చూస్తే చాలదు, కోడి పుట్టింది మన వైపు గదా. అందుకని కలకత్తా మ్యూజియంలో పనిచేసే ఎడ్వర్డ్ బ్లైత్‌కు రాశాడు. మద్రాసులో వాల్టర్ ఇలియట్‌కు 1856లో రాశాడు. ఈ ఇలియట్ మన తెలుగువాళ్ళకు తెలిసినవాడే. 1845లో అమరావతి స్తూపం తవ్వినవాడు. 1854 దాకా ఉత్తర సర్కార్ల కమిషనర్‌గా అధికారం చేసినవాడు. తెలుగు మొక్కల పేర్లన్నీ పోగుచేసి 1859లో పుస్తకం వేసినవాడు. మన దేశపు పావురాల తోళ్ళు, కోళ్ళ తోళ్ళు ఆయన డార్విన్‌కు పంపించాడు. ఆ కోళ్ళను తరతరాలుగా ఏరి పెంచిందెవరు? పట్టి, వొలిచి, ఆరబెట్టిందెవరు? మన పల్లెల్లోని కష్టజీవులే అయివుంటారు. దొర పేరు పుస్తకంలో వుంది. వాళ్ళ పేర్లు లేవు. ఎడ్మన్‌స్టన్ పేరు లాగానే.

డార్విన్ చేసిన ఒక ప్రయోగం చెప్పుకోవాలి. స్పెయిన్ జాతి నల్లపుంజును రకరకాల పెట్టలతో కలిపాడు. తెల్లని పట్టుకోడి పెట్టతో కూడా కలిపాడు. తండ్రి నలుపు, తల్లి తెలుపు. పుట్టిన పిల్లల్లో ఒక పుంజు పెరిగే కొద్దీ మెడ మీద, నడుం మీద ఎరుపూ బంగారువన్నె ఈకలు తిరిగింది. అచ్చం అడవిపుంజు పోలిక. తల్లిలో లేదు, తండ్రిలో లేదు, ఎక్కడినుంచి వచ్చింది? ఎన్నో తరాల వెనకటి ముత్తాత నుంచి అని డార్విన్ అర్థం చేసుకున్నాడు. పెంపుడు కోళ్ళన్నీ ఎర్ర అడవికోడి సంతానమేనని తేల్చాడు. ఇంగ్లండు పందెంకోడి జాతి ఆ అడవికోడికి చాలా దగ్గరిదని రాశాడు. ఈ వివరాలన్నీ 1868లో అచ్చయిన రెండు సంపుటాల గ్రంథంలో వున్నాయి.

ఈ తీర్పు చాలావరకు నిలబడింది, పూర్తిగా కాదు. కోడి పసుపుపచ్చ చర్మానికి కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, మన దక్షిణ దేశపు అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందనీ 2008లో తేలింది. వారసత్వం ఎట్లా దిగుతుందన్న విషయంలో కూడా డార్విన్ లెక్క తప్పింది. ఆ చిక్కు విప్పిన మెండెల్ 1866లోనే అచ్చువేసినా, అది డార్విన్‌కు తెలియకుండానే పోయింది. 1902లో బేట్‌సన్ కోళ్ళ తలమీది జుట్టు ఆకారాల మీదే మెండెల్ సూత్రాన్ని రుజువు చేశాడు. తప్పు దిద్దుకుంటూ పోయేదే సైన్సు. తప్పు దొరికిందని పాఠమే చించెయ్యమనేవాళ్ళు సైన్సుకు మిత్రులు కారు.

ఇక అసలు విషయం, ఏరివేత. మనిషి చేసే ఎంపిక రెండు రకాలని డార్విన్ చెప్పాడు. ఒకటి, గురిపెట్టి చేసేది. ఇంగ్లండు కోళ్ళ పోటీల్లో న్యాయనిర్ణేతలు స్పెయిన్ పుంజు తలమీది జుట్టు వాలిపోకూడదు, నిటారుగా నిలబడాలి అని ఉత్తర్వు వేశారు. పెంపకందార్లు జుట్టు వాలిన పుంజులన్నిటినీ ఏరేశారు. కొద్ది సంవత్సరాల్లోనే మంచి పుంజులన్నిటికీ జుట్టు నిలబడింది. కోడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. యజమాని ముచ్చట, అంతే. రెండోది, తెలియకుండా చేసేది. కొత్త జాతి పుట్టించాలని ఎవరూ అనుకోరు. మంచిది వుంచుకుంటారు, పనికిరానిది కోసుకు తింటారు, అమ్ముకుంటారు. తరాలు గడిచేసరికి మందే మారిపోతుంది. రెండో రకమే పెద్దదని, అది లోకమంతటా సామాన్య జనం చేసిన పని అని డార్విన్ గుర్తించాడు. మన అవ్వ రెండూ చేస్తున్నది.

పుంజు మీద ఇంత పట్టింపు ఎందుకో లెక్క చూద్దాం. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు. ఒక పెట్టలో లోపముంటే అది పదోవంతు పిల్లలకే పోతుంది. పుంజులో వుంటే ప్రతి పిల్లకూ పోయే దారి వుంది. అందుకని పెట్టను ఏరడం కన్నా పుంజును ఏరడం గట్టిగా వుండాలి. శుద్ధజాతి పెంచేవాళ్ళు పొదుగుకు ఇరవై పిల్లల్ని లేపి, చివరికి ఒకటి రెండు పుంజుల్నే మిగుల్చుకుంటారు. మొదటి ఏరివేత రెండు నెలలకు. వంకర ముక్కు, వంకర వేళ్ళు, వంకర రొమ్మెముక, ఎదగనివి తీసేస్తారు. రెండోది ఐదారు నెలలకు. నడక, కాళ్ళ బలం, ఈకల తీరు, పెట్టల దగ్గర, మనిషి దగ్గర నడవడి చూస్తారు. మూడోది ఏడాది నిండాక. దాని పిల్లలెట్లా వున్నాయో చూసి మరీ నిర్ణయిస్తారు. ఒంటి అందం ఒక్కటే చూసి పుంజును వుంచితే మోసపోతారు. పుంజు గుడ్డు పెట్టదు గదా. దానిలో గుడ్ల గుణం వుందో లేదో తల్లినీ అక్కచెల్లెళ్ళనూ చూసి తెలుసుకోవాలి. ఏరేసిన పుంజు పాడైపోయినది కాదు, కూరకు పనికొస్తుంది, బజారుకు పనికొస్తుంది. మందకు తండ్రి కాకూడదు, అంతే.

శుద్ధజాతికి ఒక శాపం కూడా వుంది. ఒకే రక్తంలో తరాలకు తరాలు కలుపుతూ పోతే పొదిగిన గుడ్లు మురిగిపోతాయి, పిల్లలు నిలవవు, జబ్బుకు తట్టుకోవు. పెంపకందార్ల దగ్గర డార్విన్ ఇది విన్నాడు. పదకొండేళ్ళు మొక్కల మీద పరీక్షించి 1876లో గ్రంథం వేశాడు. ఇది ఆయనకు పుస్తకం విషయమే కాదు, ఇంటి బాధ. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. ప్రాణంగా చూసుకున్న కూతురు ఆనీ 1851లో పదేళ్ళకే పోయింది. మేనరికం చేసుకున్నందుకు పిల్లలకు తన బలహీనతే దిగిందేమోనని ఆయన కుమిలిపోయాడు. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ గురించి 1871 జనాభా లెక్కల్లో ఒక ప్రశ్న చేర్చమని పార్లమెంటు సభ్యుల చేత అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. అక్కాచెల్లెళ్ళ మీద పుంజును వదలనన్న అవ్వ మాటకూ, ఆ తండ్రి బాధకూ మూలం ఒకటే.

మనిషి ఏరుతాడు సరే, అడవిలో ఎవరు ఏరుతారు? ఎవరూ ఏరరు. కొక్కెర తెగులు వూరిమీద పడిందనుకోండి. గూట్లో కోళ్ళన్నీ తూగి పడిపోతాయి. ఏదో ఒకటి రెండు మిగులుతాయి. వచ్చే యేడు పిల్లలు వాటివే. ఆ ఏరివేతకు యజమాని లేడు, ఉద్దేశం లేదు, దైవాజ్ఞ లేదు. పుట్టుకలో వుండే చిన్న తేడాలు, బతకడానికి పెనుగులాట, మిగిలినవాటి సంతానం, ఇంతే. కోట్ల సంవత్సరాల్లో జీవుల రూపాలే మారిపోయాయి. దీన్నే ప్రకృతి వరణం అన్నాడు. 1858 జూన్‌లో, తూర్పు దీవుల్లో పక్షుల్ని పట్టి అమ్ముకుంటూ బతికే వాలెస్ అనే పరిశోధకుడు ఇదే ఆలోచన రాసి పంపాడు. జూలై 1న ఇద్దరి రచనలూ లండన్‌లో సభ ముందు పెట్టారు. ఆ రోజుకు డార్విన్ ఇంట్లో చంటిబిడ్డ చనిపోయి మూడు రోజులే అయింది. 1859 నవంబర్ 24న జీవజాతుల పుట్టుక మీద ఆయన గ్రంథం వెలువడింది. దాని మొదటి అధ్యాయంలో దూరదేశపు వింత జంతువులు కావు ముఖ్యం, పెంపుడు పావురాలు.

డార్విన్‌కూ మార్క్సుకూ వున్న సంబంధం గురించి మన సభల్లో ఒక తప్పు ప్రచారం నడుస్తుంటుంది. పెట్టుబడి గ్రంథాన్ని మార్క్సు డార్విన్‌కు అంకితమిస్తానన్నాడనీ, ఆయన వద్దన్నాడనీ చెబుతారు. అది నిజం కాదు. ఆ వుత్తరం వేరొకరి పుస్తకం గురించినది. 1873లో మార్క్సు తన గ్రంథం ఒక ప్రతి పంపించాడు, డార్విన్ మర్యాదగా కృతజ్ఞత రాశాడు. ఆ ప్రతిలో చాలా పేజీలు కత్తిరించకుండానే వుండిపోయాయి. మార్క్సు డార్విన్‌ను గౌరవిస్తూనే ఒక విమర్శ చేశాడు. ఇంగ్లండు మార్కెట్టులోని పోటీనే ఆయన అడవిలో చూశాడన్నాడు. ఈ విమర్శలో పస వుంది. డార్విన్ 1838లో మాల్తూస్ పుస్తకం చదివి పెనుగులాట సూత్రం పట్టుకున్నాడు. పేదలు ఎక్కువమందిని కనడంవల్లే ఆకలి అన్నవాడు మాల్తూస్. మన కూలీల ఆకలికి కారణం నోళ్ళు ఎక్కువై కాదు, భూమి కొద్దిమంది చేతుల్లో వుండడంవల్ల.

1871లో మనిషి పుట్టుక మీద రాసిన గ్రంథంలో, మానవులందరిదీ ఒకే మూలమని డార్విన్ స్పష్టంగా వాదించాడు. అదే గ్రంథంలో ఆటవిక జాతుల గురించి, స్త్రీల గురించి తన వర్గపు దురభిప్రాయాలు కూడా రాశాడు. ఆయన బంధువు గాల్టన్ కోళ్ళ ఏరివేతను మనుషులకు పెట్టాలని బయల్దేరాడు. దాని పర్యవసానం తర్వాతి శతాబ్దంలో హిట్లర్ దాకా పోయింది. మన దేశంలో ఈ జబ్బు అంతకు ముందునుంచీ వుంది, పేరు కులం. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. శుద్ధజాతి కోడి ప్రకృతిలో లేదు. మనిషి కంచె వేసి, రకరకాల కోళ్ళు కలవకుండా చేసి, ఏరేసి నిలబెట్టినది. కంచె తీసి వదిలితే నాలుగైదు తరాల్లో అన్నీ కలిసిపోతాయి. కులాన్ని నిలబెట్టింది కూడా కంచెలే. ఆ కంచె వేసిందీ మనిషే, తీసెయ్యగలిగిందీ మనిషే.

డార్విన్ చివరి పుస్తకం 1881లో వచ్చింది, వానపాముల మీద. కాళ్ళకింద మట్టిని తిరగేసి నేలను సారవంతం చేసే ఆ జీవుల పనిని ఏళ్ళతరబడి కొలిచి రాశాడు. 1882 ఏప్రిల్ 19న డౌన్‌లో చనిపోయాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆ రేకుల షెడ్లు వున్న ప్రాంతమంతా, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఒకప్పుడు గుట్టలూ మేతబీళ్ళూ వున్న పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ లేచాక పల్లె చెదిరిపోయింది. ఇంటింటి గంపకింది కోడి పోయింది. ఇప్పుడు ఆ దారిలో నాటుకోడి పేరుచెప్పి హోటళ్ళలో ఎక్కువ ధర గుంజుతారు. మామూలు కోడి కంపెనీ షెడ్డులోంచి వస్తుంది. దానికి మూలమైన శుద్ధ వరుసలు, పుంజు వరుస వేరు, పెట్ట వరుస వేరు, ప్రపంచం మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టదగిన కంపెనీల చేతుల్లో వున్నాయి. రైతుకు దక్కేది సంకర పిల్ల. దానినుంచి మళ్ళీ పిల్లల్ని తీస్తే ఆ గుణం నిలవదు. కాబట్టి ప్రతి విడతకూ కంపెనీ దగ్గరికే పోవాలి. కాంట్రాక్టు పెంపకంలో పిల్ల కంపెనీది, మేత కంపెనీది. షెడ్డు, అప్పు, చాకిరీ రైతువి. పత్తి విత్తనంలో జరిగిందే కోడిలోనూ జరిగింది. గుడ్ల కోళ్ళ హేచరీల్లోనయితే మగపిల్లను పుట్టిన రోజే చంపేస్తారు, గుడ్డు పెట్టదు గనుక. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. అవ్వ చేసే ఏరివేతకూ, దీనికీ పోలిక లేదు. ఆమె మందను బాగుచెయ్యడానికి ఏరుతుంది. అక్కడ లాభం లెక్కలో సగం ప్రాణుల్ని పుట్టిన రోజే చెత్తలో వేస్తారు.

ప్రభుత్వరంగంలో ఒక ఆధారం మిగిలి వుంది. రాజేంద్రనగర్‌లో 1988లో పెట్టిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. అసీల్ వంటి దేశవాళీ జాతి మీద కూడా అక్కడ పని జరుగుతున్నది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల జాతి అది. అంటే ఆ షెడ్లలో వున్న కూలీల ముత్తాతలు ఏరి నిలబెట్టిన జాతే. ప్రజల డబ్బుతో నడిచే ఆ సంస్థ పిల్లలు కూలీ మహిళల సంఘాలకు అందాలని, కొక్కెర తెగులు టీకా పశువైద్యశాలలో తప్పకుండా దొరకాలని మనం అడగాలి. వూళ్ళలో మన సంఘాలు చెయ్యగలిగిన పని కూడా వుంది. ఏ ఇంట్లో మంచి పుంజు వుందో, దాని తల్లి ఎట్లాంటిదో రాసిపెట్టుకోవాలి. ఏడాదికొకసారి వూరికీ వూరికీ పుంజుల మార్పిడి పెట్టుకోవాలి. ఏది వుంచాలో, ఏది తీసెయ్యాలో నిర్ణయించే చెయ్యి మనది కాకుండా పోతే, గూడు మనదైనా కోడి మనది కాదు.

మొన్న మళ్ళీ ఆ షెడ్లకు పోయాం. మార్పిడి పుంజు వచ్చింది, ఒక పెట్ట పొదుగు మీద వుంది. ఆమె మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. జీవపరిణామ పాఠాన్ని ఆ పిల్లకు గంప పక్కన కూర్చుని చెప్పివచ్చాం. మధ్యలో రెండుచోట్ల అవ్వ మమ్మల్ని సరిదిద్దింది.